ఎర్రక్క జవాబుకు వదిలిన చోటు

పెద్దలకు, అమ్మలకు, లోపల చోటు లేక ఈ కల్యాణ మంటపం మెట్ల మీద నిలబడినవాళ్లకు నమస్కారం. మదనపల్లె నుంచి, కుప్పం నుంచి, బి.కొత్తకోట నుంచి బస్సులెక్కి వచ్చారు. మిమ్మల్ని ఎవరూ పిలవలేదు. చెంగల్రాయుడు పోయాడని తెలిసింది, వచ్చేశారు. నా పేరు హరినాథ్. మదనపల్లె నుంచి ఈ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ కేబుల్ టీవీ నడిపినవాణ్ని. ఆయన బొమ్మలు మీ ఇళ్లకు వచ్చింది నా వైర్ల మీదే కాబట్టి నన్ను మాట్లాడమన్నారు. తడబడితే మన్నించండి.

అప్పా, చెంగల్రాయుడు ఎవరు? ఈ పుంగనూరు బజారులో జాకెట్లు కుట్టే దర్జీ. తొంభై అయిదులో మిగిలిన గుడ్డముక్కలతో, ఎండిన సొరకాయ బుర్రలతో రెండు చేతిబొమ్మలు చేశాడు. ముద్దప్ప, ఎర్రక్క. మొగుడూ పెళ్లామూ. ముద్దప్ప గొప్పలు చెప్పాలి, ఎర్రక్క గాలి తీయాలి. అంతే కథ. ఆదివారం పొద్దున మా కేబుల్లో వాళ్ల ఆట 'ముద్దప్ప సంసారం' వచ్చే వేళకు కరెంటు పోయిందంటే, జనం కరెంటు ఆఫీసును వదిలేసి నన్ను తిట్టేవాళ్లు. ఆ తిట్లు కూడా ఇప్పుడు తియ్యగానే గుర్తొస్తున్నాయి.

మా ఆఫీసు వెనక గదిలో బల్లకు అడ్డంగా చీర కట్టి, దాని వెనక చెంగల్రాయుడు, ఆయన భార్య మునిరత్నమ్మ కూర్చునేవారు. ముద్దప్ప ఆయన చేతికి, ఎర్రక్క మునిరత్నమ్మ చేతికి. ఆయన తన మాటలు రాసుకుని వచ్చేవాడు. ఆమె మాటలు రాసేవాడు కాదు. తాను ఏం అనబోతున్నాడో కూడా ఆమెకు ముందు చెప్పేవాడు కాదు. ఇదేం పద్ధతి అని అడిగాను. "ముందే సెప్పేస్తే ఆయమ్మకు కోపమెట్ల వస్తాదప్పా?" అన్నాడు. ఒక వారం ముద్దప్ప సంత మొత్తం మోసుకొచ్చినట్టు కోతలు కోస్తుంటే, "ఉప్పు మర్సిపోయి వచ్చినోడివి, మాటలు సూడు!" అని ఎర్రక్క మధ్యలో అందుకుంది. నిజంగానే ఆ పొద్దు ఆయన ఇంటికి ఉప్పు తేవడం మరిచిపోయాడు. ఇక ఆ వారమంతా ఆయన కొట్టు ముందు నడిచిన ప్రతివాడూ ఉప్పు తెచ్చినావా అని పలకరించినవాడే. వాళ్లలో మీరూ చాలామంది ఉన్నారు, నాకు తెలుసు.

ఆట చివర ఏముంటుందో మీకు చెప్పాలా? ముద్దప్ప రొమ్ము విరుచుకుని, "నన్ను అడిగేటోళ్లు యాడుండారు?" అంటాడు. ఎర్రక్క లేస్తుంది. "ఈడనే ఉండా, నీ ఎనకాలే. తిరిగి సూడు!" వాడు తిరిగి చూస్తాడు, హడలిపోతాడు, ఆట అయిపోతుంది.

రెండువేల రెండులో మునిరత్నమ్మ కన్నుమూసింది. ఆయన బొమ్మల్ని అద్దాల బీరువాలో పక్కపక్కన కూర్చోబెట్టి, తాళం వేసుకుని, మళ్లీ జాకెట్లు కుట్టుకున్నాడు. ఎవరు అడిగినా కదల్లేదు.

కదిలించినవాడు భరత్. ఇదిగో, ముందు వరసలో తల దించుకుని కూర్చున్నాడు. బి.కొత్తకోటలో మా కేబుల్ చూసి పెరిగి, సినిమా కంపెనీలో చేరి, ముద్దప్పను పెద్ద తెర మీదికి తెస్తానని వచ్చాడు. ఎర్రక్కకు పట్నంలో మంచి గొంతు వెతుకుతాం, మాటలు మాత్రం రాసివ్వండి అన్నాడు. "ఆయమ్మ మాట నేనెప్పుడూ రాయలేదు సామీ. ఇప్పుడెట్ల రాసేది?" అన్నాడు చెంగల్రాయుడు. చివరికి రెండు బొమ్మలూ తానే ఆడించాడు. ముద్దప్ప మాట్లాడతాడు, ఆగుతాడు. ఎర్రక్క చెయ్యి ఊపుతుంది, తల విదిలిస్తుంది. గొంతు ఉండదు. ఆమె జవాబుకు పట్టేంత చోటు వదిలి, ముద్దప్ప మళ్లీ అందుకుంటాడు. సినిమా అంతా అట్లాగే తీశారు.

కుప్పంలో ట్రయల్ షో వేశాం. మొదటి ఖాళీ రాగానే, స్పీకర్లు పోయాయనుకుని ఆపరేటర్ ఓబులేసు ఆట ఆపేశాడు. పాపం, ఆయన తప్పేముంది? హాలు ఊరుకుంటుందా? "సౌండు బాగుండాదప్పా! ఎర్రక్క మాట మేం సెప్తాం, నువ్వు ఆడించు!" అని ఒకటే కేకలు. ఆ తరువాత ప్రతి ఖాళీలో ఒక ఆడమనిషి లేచి ముద్దప్పను కడిగేసింది. కుప్పం మూడు రాష్ట్రాల సరిహద్దు కదా, తెలుగులో తిట్టారు, తమిళంలో తిట్టారు, కన్నడలో తిట్టారు. చివర ముద్దప్ప రొమ్ము విరుచుకోగానే హాలంతా ఒక్క గొంతుతో అన్నది. ఏమన్నదో మీకు తెలుసు. నా పక్కన చెంగల్రాయుడు కండువా నోట్లో కుక్కుకుని ఏడ్చాడు.

ఇక్కడితో ముగిస్తే నాకూ హాయిగానే ఉండేది. కానీ తరువాత ఒక పెద్ద ఊళ్లో వేశాం. అక్కడ ఖాళీ ఖాళీగానే ఉండిపోయింది. సగం మంది లేచిపోయారు. నాకు ఒళ్లు మండింది. తిరుగు బస్సులో ఆయనే నన్ను ఓదార్చాడు. "వాళ్ల తప్పేం లేదప్పా. ఆయమ్మ వాళ్లిండ్లకు పోలేదు కదా." అయితే ఎర్రక్కకు గొంతు పెట్టిస్తావా అని అడిగాను. "సూస్తాం" అన్నాడు. ఆ మాట తేల్చకుండానే, పోయిన వారం కుట్టు మిషను మీద తల వాల్చేశాడు.

ఇప్పుడు ఆ భారం కూతురు వసుధ మీద పడింది. ఎర్రక్కకు గొంతు పెడితేనే సినిమా విడుదల చేస్తామని కంపెనీ అంటోంది. పెట్టకపోతే అది డబ్బాలోనే ఉండిపోతుంది. భరత్ చెడ్డవాడు కాదు, బయటి ఊళ్లలో ఆడదన్న కంపెనీ భయమూ అబద్ధం కాదు. మునిరత్నమ్మ మాటను ఇంకొకరు పలికితే నా కడుపు మండుతుంది. ముద్దప్ప చీకట్లో పడి ఉన్నా మండుతుంది. నాయనైతే ఏమనేవాడు మామా అని వసుధ నిన్న నన్ను అడిగింది. నాకు తెలియదమ్మా. నిజంగా తెలియదు. నువ్వు ఏది తేల్చినా మన ఊళ్లలో ఎవరూ నిన్ను వేలెత్తి చూపకూడదు. అది మాత్రం అందరి ముందూ అడుగుతున్నాను.

అమ్మా, అప్పా, ఇక లేచి నిలబడండి. కుప్పంలో ఆయన చోటు వదిలాడు, మనం నింపాం. ఈ రోజు కూడా 'ఈడనే ఉండా' అన్న ఆ మాట మీ నాలుక చివరే ఉందని నాకు తెలుసు. ఈ ఒక్కసారికి ఎవరూ అనవద్దు. ఈపాటికి ఆయన మునిరత్నమ్మ వైపు తిరిగి చూసే ఉంటాడు. జవాబు ఆమెనే చెప్పనిద్దాం.

నిశ్శబ్దంగా ఉందాం.