ముందు బెంచి

ఏం సూసినవో చెప్పు, సువార్తమ్మా. కాగితం మీద రాసింది కాదు. ఆ గురువారం పొద్దుగాల పదీ ఇరవైకి, వరండాల, నీ కండ్లతోటి ఏం సూసినవో అది చెప్పు.

ఆ గాజుగుడ్డలు మడుచుడు జర ఆపు. ఓపీ అయిపోయింది, తలుపు దగ్గరికేసిన, ఎవ్వరూ వినరు. రేపు మిర్యాలగూడ నుంచి మన దవాఖాన ట్రస్టోళ్ళు విచారణకు వస్తరు. నీ ముంగట నీ కాగితమే పెట్టి చదువుతరు. 'భూలి అనే పేషెంటును నేను గమనించలేదు, హెడ్ నర్సుగా తప్పు నాదే' అని రాసి సంతకం పెట్టినవ్. ఇరవై రెండేండ్ల సంది ఈ దవాఖానల ఉన్నవ్. నువ్వు గమనించకపోవుడేంది?

కిందికి సూడకు. తిట్టనీకి పిలువలే. నా గొంతే అంత, నీకు తెల్వదా?

సరే, నువ్వు చెప్పకుంటే నేనే చెప్త.

ఈ టోకెన్ మిషన్ రాకముందు మన పద్ధతేంది? తొమ్మిది కొట్టంగనే నువ్వు లైన్ పొడుగునా నడిచేదానివి. ఒకరి గోళ్ళు సూసేదానివి, ఒకరి మణికట్టు పట్టేదానివి, ఒకరిని ఊరికే పలకరించి ఊపిరి ఎట్ల తీస్తున్నరో సూసేదానివి. పాణం బాగ లేనోళ్ళను లేపి నా తలుపు పక్కన ముందు బెంచి మీద కూసోబెట్టేదానివి. వాళ్ళను నేను ముందు సూడాలె. లైన్ల ఉన్నోళ్ళు ఒక్కనాడన్న కొట్లాడిండ్రా? "సువార్తమ్మ లేపిందంటే ఏదో ఉంటది" అని జరిగి తొవ్విచ్చేటోళ్ళు. మునగాల మందుల దుకాణపాయన కూడ, గుర్తున్నదా, "నేను కూడ ముందు బెంచి మీద కూసోవాల్నంటే ఏం రోగం తెచ్చుకోవాలమ్మా" అని నిన్ను ఏడిపించేటోడు.

అది ఎక్కడా రాసిన రూలు కాదు. గందుకే నాకది పద్ధతి లెక్క కనబడలే.

మూడేండ్ల కింద ట్రస్టు మీటింగుల ఏమైందో నీకు చెప్పలే. కొత్త సెక్రటరీ, నా బిడ్డ వయసుంటది, మంచి సూటేసుకున్నడు. "డాక్టర్ సైదులు గారు, మీ ఓపీలో ఒక పేషెంటు సగటున ఎంతసేపు ఎదురుచూస్తారు?" అన్నడు. తెల్వదన్న. "ముప్పై ఏళ్ళ సర్వీసు కదా" అని నవ్విండు. టేబుల్ సుట్టు అందరూ నవ్విండ్రు.

జాన్‌పహాడ్ దర్గకు మొక్కితే పుట్టినోన్ని నేను. మా అమ్మ ఇంకొకల పొలాలల్ల నాట్లేసి సదివించింది. హాస్టల్ల నీళ్ళచారు తాగి డాక్టర్నైన. ఎవని ముంగటా తల దించలే. ఆ నవ్వు మాత్రం ఇంటిదాక నా ఎంబడే వచ్చింది.

సూపరింటెండెంట్ కావాల్నంటే దవాఖాన నడిపే చదువు ఉండాలన్నరు. చేస్త అన్న. మా ఇంటామె సులోచన మొత్తుకుంది. "మనుమరాలు ఎల్‌కేజీ, తాత పీజీ, ఇద్దరి టిఫిన్ డబ్బాలు నేనే కట్టాల్నా" అన్నది. నేను వినలే. శనివారం ఓపీ కాంగనే సూర్యాపేట పోయి హైదరాబాద్ బస్సెక్కుడు, ఆదివారం పొద్దంత క్లాసులు, సోమవారం మళ్ళ ఇక్కడ. క్లాసుల అందరూ చిన్నోళ్ళు. నన్ను అంకుల్ సార్ అని పిలిచేటోళ్ళు. కంప్యూటర్ల లెక్కలేసుడు ఒక పిల్ల నేర్పింది. మంచిగ నేర్చుకున్న. ఉత్తగ చెప్తలేను, క్లాసుల రెండో ర్యాంకు నాది.

చివరికి ప్రాజెక్టు. ఏం తీసుకున్న? ఓపీల పేషెంటు సగటున ఎంతసేపు ఆగుతడు. ఆ సెక్రటరీ అడిగిందే తీసుకున్న. జవాబు పుస్తకమేసి వాని టేబుల్ మీద పెట్టాలనుకున్న.

రెండు వారాలు కొలవాలె. గైడు సారు ఫోన్ల గట్టిగ చెప్పిండు, కొలిచే దినాలల్ల వరుస తప్పితే లెక్క పనికిరాదు, మళ్ళ మొదటిసంది కొలవాలె అని. అప్పుడు నేను ఈ టోకెన్ మిషన్ తెప్పించి, నీ ముందు బెంచిని ఎత్తించి స్టోర్ రూంల పెట్టించిన. నువ్వు అడిగినవ్, "మరి బాగ లేనోళ్ళు ఎక్కడ కూసోవాలె సార్?" అని. "నంబరొచ్చేదాక అందరు కూసున్న కాడనే" అన్న. నవ్వినట్టు కూడ యాది.

నీ బెంచి గురించి నా ప్రాజెక్టుల ఏం రాసిన్నో తెలుసా? 'సిబ్బంది ఇష్టానుసారం వరుసను చెడగొట్టే అలవాటు.' మంచి తెలుగు, కాదూ? ఇంగ్లీషుల ఇంకా మంచిగున్నది.

ఇంకొకటి విను. రెండో సెమిస్టర్ల ఒక ప్రశ్న వచ్చింది. వచ్చిన రోగులల్ల ఎవర్ని ముందు సూడాల్నో ఎట్ల ఎంచుతరు అని. దాన్ని ట్రయాజ్ అంటరు. నాలుగు పేజీలు రాసిన. పన్నెండు మార్కులకు పదకొండు వచ్చినయి. ఆ పని నా తలుపు ముంగట ఇరవై రెండేండ్ల సంది నువ్వు చేస్తనే ఉన్నవ్. నేను ఆపిన.

ఆ గురువారం పదో దినం. ఇంకో రెండు దినాలైతే ఖతం. సోమవారం ప్రాజెక్టు ఇయ్యాలె. నువ్వు తలుపు కాడికి వచ్చినవ్. "సార్, అరవై ఒకటి. తండా నుంచి వచ్చింది, భూలి అని. దవడ గుంజుతున్నదంటున్నది. ఒక్కసారి సూడుండ్రి." నేను తలెత్తలే. నంబరు ప్రకారం అన్న.

ఇరవై నిమిషాలకు మళ్ళ వచ్చినవ్. తలుపు కాడనే నిలబడ్డవ్. నేను చెయ్యెత్తిన, ఆగుమన్నట్టు.

అందరూ అనుకుంటరు నేను సూడలేదని. నువ్వు కూడ గట్లనే అనుకుంటున్నవ్, గందుకే ఆ కాగితం రాసినవ్. అయితే విను. రెండోసారి నేను తలెత్తి సూసిన. నీ భుజం మీదికెళ్ళి భూలి కనబడ్డది. బిడ్డ చాందీ భుజానికి ఒరిగి కూసుంది. మొహం బూడిద రంగు. ఫ్యాన్ కిందనే కూసున్నది, జాకెట్టంత చెమట. నాకు తెలిసింది, సువార్తమ్మా. గుండె అని తెలిసింది. ఈసీజీ మిషన్ పక్క రూంలనే ఉన్నది. సూర్యాపేట పెద్ద దవాఖాన అరగంట తొవ్వ. అప్పుడు లోపల నలభై తొమ్మిదో నంబరున్నది. ఇంకో పన్నెండు మందే గదా అనుకున్న. పది దినాల లెక్క పోతది అనుకున్న.

పదకొండుంబావుకు మిషన్ అరవై ఒకటి అని పిలిచింది. ఎవ్వరు లేవలే. చాందీ "అమ్మా, మన నంబరే" అని కదిపింది.

తర్వాత నలభై నిమిషాలు నేను ఆ ఛాతీ మీద చేతులు పెట్టి వత్తిన. అది అందరు సూసిండ్రు. పాణం దక్కకున్నా డాక్టరు ఎంత కష్టపడ్డడో అన్నరు. చాందీ నా కాళ్ళు మొక్కింది.

ఆ టోకెన్ మిషన్ల రెండే బటన్లు ఉంటయి. 'చూశారు', 'చూపించుకోకుండా వెళ్ళిపోయారు'. సాయంత్రం అరవై ఒకటి ఖాళీగ ఉంటే లెక్క ముగియదు. నేనే నొక్కిన, వెళ్ళిపోయారు అని. సగటుల ఆమె లేదు. కోదాడల బైండింగ్ చేయించిన, నల్ల అట్ట, బంగారు అక్షరాలు. సోమవారం ఇచ్చి వచ్చిన.

నీ కాగితం మంగళవారం నా టేబుల్ మీదికొచ్చింది. చదివిన. అబద్ధమని తెలిసి కూడ కింద 'పంపడమైనది' అని సంతకం పెట్టిన. ఆ దినం ఆకలై అన్నం మంచిగ తిన్న. అది కూడ చెప్తున్న నీకు.

రేపు నేను ఉన్నదున్నట్టు చెప్త. డిగ్రీ పోతే పోతది, కుర్చీ ఎవనికన్న పోనీ. ఏంది తల ఊపుతున్నవ్? నా వయసు సూసి వద్దంటున్నవా? నీకు రిటైర్మెంట్ ఇంకో ఏడాది ఉన్నది, నీ బతుకు సంగతేంది? చాందీ ఏం పాపం చేసింది? తల్లిని ఎవరు ఆపిండ్రో ఆ పిల్లకు తెలియొద్దా?

ఈ చదువులు లేనప్పుడు నువ్వు నన్ను డాక్టరయ్యా అని పిలిచేదానివి. అడగకుండ లోపలికొచ్చేదానివి. ఒకసారి నా చేతిలకెళ్ళి పెన్ను గుంజుకున్నవ్, "రాసుడు తర్వాత, ముందు ఈ పిలగాన్ని సూడు" అని. నాకు కోపం కూడ రాలే. అట్లాంటి మనిషివి నేను ఒక్క చెయ్యెత్తితే తిరిగిపోయినవ్. మూడోసారి రాలే. నీ మీదికి నెట్టుతలేను, నాకు తెలుసుకోవాలని ఉన్నది.

నేనంటే నీకు ఎప్పటిసంది భయం, సువార్తమ్మా?