కరెంటు నేల కింది ముంత

గౌరునాయుడని ఒకడున్నాడు మా కొండ మీద, కాఫీతోటలో మేస్త్రీ. ఆడికి తల్లి సన్నాసమ్మ తప్ప ఇంకెవరూ నేరు. ఆ ముసల్దానికి కాళ్ళు సలి. సలంటే మీకూ నాకూ ఏసినట్టు కాదు, నడి ఎండాకాలంలో కూడా మడమల కాడ్నించి మోకాళ్ళ దాకా మంచుగడ్డలే అనుకో. ఇంక మాగమాసం తెల్లారగట్ల తానాలబండ మీద కాలెడితే తిమ్మిరెక్కిపోయి రెండుసార్లు పడిపోనాదంట. గౌరునాయుడికి గుండె నీరైపోనాది. టౌన్లో ఎవరో సెప్పినారంట, నేల కింద కరెంటు తీగలు పరిసి పైన టైల్స్ ఏయిస్తే నేలే ఎచ్చగా ఉంటాదని. మా అమ్మకి తానాల కాడ అదే ఏయిస్తానని కూకున్నాడు. ఊరోళ్ళు నవ్వినారు, దీపానికే కరెంటు సరిగ్గా రాదు, కాళ్ళకొస్తాదేట్రా అన్నారు. ఆడు ఇంటేనా!

ఏమైందంటే, టౌన్నించి లోవరాజనే కరెంటు మేస్త్రీ ఒచ్చినాడు. కిందూరోడు, మన కొండ పద్దతులు ఆడికేటి తెలుసు? సన్నాసమ్మ అప్పుడు సెల్లెలింటికి ఎల్లుంది, తిరిగొచ్చీసరికి సేసీసి సూపించాలని గౌరునాయుడి ఆశ. లోవరాజు గునపంతో పాత బండ లేపినాడు. దాని కింద మూతికి పసుపుగుడ్డ కట్టిన మట్టి ముంత! మీ పిల్లలకి తెలీదు గానీ, బిడ్డ పుట్టినాక ఎనకాల పడే మావిని మేము ముంతలో పెట్టి తానాలబండ కిందే పాతుతాము. పైన రోజూ ఏణ్ణీళ్ళు పడతా ఉండాల, మావికి సలేస్తే బిడ్డకి సలేస్తాదని. అది గౌరునాయుడి మావి. బండ తీసినా ముంతెవడు కదుపుతాడులే అని ఆడు తోట పనికెళ్ళిపోనాడు. ఆడికి నలభై ఏళ్ళొచ్చినా సన్నాసమ్మ తన తానానికి ముందు ఆ బండ మీద ఒక సెంబుడు ఏణ్ణీళ్ళు పోసీది. లోవరాజు ఏటనుకున్నాడంటే, సిల్లంగి, అదే సేతబడి, అనుకున్నాడు! ఎవడో గిట్టనోడు ఈ ఇంటికి సిల్లంగి పెట్టీసినాడు, సెప్తే భయపడిపోతారు, ఎందుకొచ్చిన గొడవని, మూడుసార్లు ఉమ్మీసి, ఎవరికీ సెప్పకుండా పట్టుకెళ్ళి గెడ్డలో, అదే కొండవాగులో, పారీసినాడు. మంచికే సేసినాడు పాపం.

తీగలు పరిసినాడు, సిమెంటు పోసినాడు, తెల్లటి టైల్స్ ఏసినాడు. అన్నీ ఆరినాక మీట నొక్కితే, ఓలమ్మో, పిల్లి పడుకుని లేసిన సోటులాగుందంట నేల. సన్నాసమ్మ ఒచ్చి కాలెట్టి, బాగున్నాది నాయనా అన్నాది. బాగున్నాది గానీ, గౌరునాయుడే బాగునేడు. ముంత గెడ్డలో పడిన కాడ్నించీ ఆడికి అరికాళ్ళు సల్లబడినాయి. ఆ ఎచ్చటి నేల మీద ఆడు నిలబడితే ఆడి పాదాల కింద టైలు మటుకు సల్లబడిపోయీది. మీట ఎంత పెంచితే అంత సల్లన! ఆస్పత్రిలో నెమ్మని మందులిచ్చినారు. సలి మోకాళ్ళెక్కింది, నడుమెక్కింది. ఒకనాడు మిట్టమజ్జానం, వాకిట్లో ఎండలో రెండు రగ్గులు కప్పుకుని కూకున్నోడు, అమ్మా, నీళ్ళు లాగేస్తన్నాయే అన్నాడు. ఏ నీళ్ళురా అని ముసల్ది రగ్గెత్తి సూసింది. పాదాలు నాని తెల్లగా ముడతలడిపోయున్నాయి. ఏళ్ళ సందున గెడ్డ ఇసక. ఆడు మంచమెక్కి నెలైంది, గెడ్డకెళ్ళిందెప్పుడు?

అప్పుడు తెలిసింది సన్నాసమ్మకి. బండ తీసినా ముంత కిందే ఉన్నాదనుకున్నాది పిచ్చిది. లోవరాజుని రప్పించి, బండ కింద ముంత ఏటి సేసినావు నాయనా అని అడిగింది. అది సిల్లంగి కదా మామ్మా, గెడ్డలో ఏసీసినాను అన్నాడు. "అది సిల్లంగి కాదురా, నా కొడుకురా" అన్నాది. ఇంకేటి, ఊరంతా గెడ్డలోకి దిగినాము. నానూ దిగినాను. రెండు రాళ్ళ సందున ఇరుక్కుని ఉన్నాది, కట్టిన గుడ్డ కట్టినట్టే ఉన్నాది. తెచ్చీసరికి గౌరునాయుడికి సలి గుండె దాకా ఒచ్చీసింది, పెదాలు నల్లబడినాయి. ముసల్ది గునపం అందుకుంటే, ఒద్దమ్మా, నీ కాళ్ళ కోసమే ఏయించినాను, పాడుసెయ్యకు అని ఆ వణుకులోనే బతిమాలినాడు. నోర్ముయ్యరా అన్నాది. లోవరాజు పరిగెట్టి మెయిన్ కట్టీసినాడు. టైల్స్ పగిలినాయి, తీగలు తెగినాయి, ముంత దిగింది. పైన మన్నేసి, పొయ్యి మీద కాగతన్న గంగాళమెత్తి పోసీసింది. పోసిందా, వాకిట్లోంచి గౌరునాయుడు కేకేసినాడు, "అమ్మా, కాలతందే! సన్నీళ్ళు కలుపు!"

అందరం ఏడిసినాము, నవ్వినాము. లోవరాజు ముసల్దాని కాళ్ళు పట్టుకుని, కొత్త తీగలు ఊరికే ఏస్తాను మామ్మా, ముంతకీ ఎచ్చగుంటాది, నీకూ ఎచ్చగుంటాది అన్నాడు. ఆయమ్మ, "ముంతకి ఎయ్యి నాయనా. నా కాళ్ళకి మటుకు ఏ కరెంటూ సాలదు. నా ముంత మా పుట్టింట్లో ఉన్నాది. ఆ ఊరు రిజర్వాయర్లో మునిగిపోనాది. తవ్వుకుందుమని ఎల్లీసరికే నీళ్ళొచ్చీసినాయి" అన్నాది. గౌరునాయుడు తల్లి పాదాలు ఒళ్ళో పెట్టుకుని రుద్దతానే ఉన్నాడు.

ఇప్పుడా నీళ్ళ మీద పడవ షికారు పెట్టినారు గదా. ఎళ్ళండి, నానొద్దనను. తెడ్డు మటుకు మెల్లగా ఎయ్యండి బాబూ, కింద మా సన్నాసమ్మ ఉన్నాది.