నిద్రలో గెలిచిన గుర్రం

మా టీకొట్టు ఎదురుగా గుర్రాలశాల ఉంది. దాన్ని చూసుకునే పెద్దాయన్ని ముఖం మీద బాబాయ్ అంటాం, ఆయన అటు తిరగ్గానే కోతల బాబాయ్ అంటాం. నాకేం నష్టం లేదు. ఆ కోతలు వింటూ కూర్చుని, మొదటి టీ చాలనుకున్నవాళ్ళు కూడా రెండోది అడుగుతారు.

ఆవేళ మధ్యాహ్నం బండి తోలే అక్క తన ఎర్ర ఆడగుర్రాన్ని బయట కట్టేసి వచ్చి బల్ల మీద కూర్చుంది. పాపం ఆ గుర్రానికి ముందు మోకాళ్ళు రెండూ దోక్కుపోయి ఉన్నాయి. అద్దెకున్న రేకులషెడ్డులో పడుకునే చోటు లేక, నిలబడే నిద్రలోకి జారి, మోకాళ్ళ మీద కూలబడుతోందట. బండి లాగుతూ అలా కూలిందంటే గుర్రమూ దక్కదు, అక్క బతుకుతెరువూ దక్కదు. బాబాయ్ శాలలో గది ఇస్తారేమో అడగడానికి వచ్చింది. అడిగింది కూడా. కానీ ఆ తర్వాత ఇంకో మాట చెప్పబోయేలోపే బాబాయ్ గ్లాసు పక్కన పెట్టి, బల్ల మీద బాసింపట్టు వేసుకున్నాడు.

"మోకాళ్ళేనా అమ్మాయ్? ఓస్, ఇంతేనా? నా చేతికొచ్చిన పందెం గుర్రాన్ని చూడాల్సింది నువ్వు. దానికి ముక్కు కూడా చెక్కుకుపోయింది. యజమాని డాక్టర్లని మార్చాడు, మందులు మార్చాడు, చివరికి నన్ను పిలిచాడు. నేను గుర్రం వంక చూడనే లేదు, గది వంక చూశాను. అయ్యా, వైద్యం గుర్రానికి కాదు, గదికి చెయ్యాలి అన్నాను. అదేం గది! గుర్రం తల ఇటు తిప్పాలంటే ముందు తోకని బయటికి పంపాలి. కింద సిమెంటు నేల, దాని మీద నాలుగు గడ్డిపోచలు, అవీ తడి. నెత్తిన తెల్లార్లూ లైటు. పక్కన ఇంకో ప్రాణి లేదు. గుర్రం భయస్థురాలయ్యా, నేను కాపలా ఉన్నానులే అనే తోడు ఉంటేనే కాళ్ళు చాపుతుంది."

"నిలబడి నిద్రపోతాయంటారు కదా బాబాయ్," అన్నాడు గుర్రాలకి నాడాలు కొట్టే అన్న.

"కునుకు తీస్తాయి. ఆ కునుకు టీ తాగడం లాంటిది. కాళ్ళు చాపి పోయే నిద్ర భోజనం. టీ మీద ఎన్నాళ్ళు బతుకుతావు నువ్వు?"

"నా టీ జోలికి రాకు బాబాయ్," అన్నాను నేను.

"ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు చూడు, ఆ మాట అన్నవాడు జన్మలో గుర్రాన్ని పెంచి ఉండడు. దీని నిద్రకి సకల సుఖాలూ కావాలి. నేనేం చేశానూ? మధ్యగోడ పడగొట్టించాను. లైటు పీకించాను. పొడిగడ్డి మోకాలి లోతు పరిపించాను. పక్కగదిలో ఒక ముసలి గాడిదని కట్టి, రెంటికీ ముఖాలు కనబడేట్టు కిటికీ పెట్టించాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పడుకుందా?" అంది అక్క. ఆమె ముఖంలో ఆశ చూసి నాకే జాలేసింది.

"పడుకోవడం ఏమిటమ్మాయ్, పక్కకి ఒరిగి, నాలుగు కాళ్ళూ చాపి, గుర్రు మొదలుపెట్టింది. అది ఊపిరి పీలిస్తే పైకప్పు పెంకులు కిందికి దిగేవి, వదిలితే పైకి లేచేవి. వాన వచ్చినా ఒక్క చుక్క లోపల పడలేదు, గుర్రుకి భయపడి పక్కవీధిలో కురిసిపోయింది. ఇక ఆ నిద్ర అంటుకోవడం చూడాలి! గాడిదకి అంటుకుంది, శాలంతా అంటుకుంది. ఎలకని తరుముతున్న పిల్లి మధ్యలో పడి నిద్రపోయింది, ఎలక వెనక్కొచ్చి పిల్లి కడుపులో తలపెట్టుకుని పడుకుంది. ఆ గుర్రాన్ని ఎత్తుకుపోదామని ఒక దొంగ గోడెక్కాడు, ఒక కాలు ఇటు, ఒక కాలు అటు, అక్కడే గోడమీదే గురక. వాణ్ణి పట్టుకోవడానికి వచ్చిన పోలీసు వాడి కాలు పట్టుకునే నిద్రపోయాడు. పొద్దున ఎవరు ఎవర్ని పట్టుకున్నారో ఇద్దరికీ తెలియక టీ తాగి ఇంటికెళ్ళిపోయారు."

"నా కొట్టులోనేనా?"

"నువ్వు నిద్రపోతున్నావులే అప్పుడు. అసలు సంగతి విను. పందెం రోజు వచ్చేసింది, గుర్రం లేవదు. యజమాని నెత్తి కొట్టుకుంటున్నాడు, ఉన్నదంతా పెట్టాను, కొంప మునిగింది అంటాడు. నేను చూస్తే దాని కాళ్ళు కదుల్తున్నాయి. కలలో పరిగెడుతోందయ్యా! ఇంకేం, శాల తలుపు ఊడదీసి, గడ్డితో సహా గుర్రాన్ని దాని మీదికి చేర్చి, అందరం మోసుకెళ్ళి పందెం గీత దగ్గర దింపాం. గంట మోగింది. మిగతావి ఉరికాయి. ఇది కలలో ఒక్క తన్ను తన్నింది, తలుపు జర్రున జారింది. ఇంకో తన్ను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మెలకువగా ఉన్న గుర్రాలన్నీ ఆ తలుపు లేపిన దుమ్ములో దారి తప్పాయి!"

"మీద కూర్చునేవాడో?" అన్నాను.

"వాడు దాని పొట్టకి ఆనుకుని హాయిగా నిద్ర."

"నాడాలు అరిగాయా?" అన్నాడు అన్న.

"గాల్లో తన్నితే ఎందుకరుగుతాయయ్యా? సరిగ్గా గెలుపు గీత దగ్గరికి వచ్చేసరికి అది అటు ఒత్తిగిల్లింది. తలుపు కూడా అటు తిరిగి, ఇంకో చుట్టు కొట్టి, మళ్ళీ మొదటొచ్చింది. కప్పు ఎవరి చేతికివ్వాలో తెలియక, దిండు కింద పెట్టినట్టు దాని తల కింద పెట్టారు. అలాంటి గదే అమ్మాయ్, ఈ చేతులతో కట్టించాను, ఇప్పటికీ శాల చివర ఉంది. అందులో పడుకున్న ప్రాణి ఏదీ తెల్లారేదాకా కదల్లేదు. అయితే ప్రస్తుతానికి ఖాళీ లేదనుకో."

బల్ల మీద అందరం పొట్టలు పట్టుకున్నాం. అక్క నవ్వలేదు. ఖాళీ గ్లాసు నాకందించింది.

"ఆ గది చూశాను బాబాయ్. ముందు మీ కోసం అక్కడికే వెళ్ళాను. గడ్డి పొడిగా ఉంది. మోకాలి లోతూ ఉంది. మీరు చెప్పింది చెప్పినట్టే ఉంది."

బాబాయ్ మా అందరి వంకా ఒకసారి గొప్పగా చూశాడు.

"గడ్డి మీద దుప్పటి పరిచి ఉంది," అంది అక్క. "దుప్పటి మీద దిండు, దాని పక్కన మీ కళ్ళజోడు. మీ తెల్లగుర్రమేమో బయట గుంజకి కట్టేసి, నిలబడి తూలుతోంది. దాని మోకాళ్ళు నా గుర్రం కంటే అన్యాయంగా ఉన్నాయి."

బాబాయ్ బాసింపట్టు విప్పి కాళ్ళు కిందికి దించాడు.

"ఇంట్లో మనవలమ్మా," అన్నాడు చిన్నగా. "ఒకడు ఏడుపు ఆపితే ఇంకొకడు అందుకుంటాడు. కాళ్ళు చాపితే కోడలి మంచానికి తగులుతాయి. లైటు ఆర్పనివ్వరు."

"అదే అనుకున్నాను. మీ కథలో అబద్ధమేం లేదు బాబాయ్. గుర్రం అన్నచోటల్లా మిమ్మల్ని పెట్టుకుంటే సరిపోతుంది."

నాడాల అన్న తాగుతున్న టీ ముక్కులోంచి వచ్చింది. నేను నవ్వు ఆపుకోలేక పాలు పొంగబెట్టాను. అక్క లేచి తన గుర్రం తాడు విప్పింది. వెళ్ళిపోతుందనుకున్నాను, కానీ ఆమె రోడ్డు దాటి నేరుగా శాల వైపే నడిచింది.

"ఎక్కడికమ్మాయ్?" అని లేచాడు బాబాయ్.

"గది నాకు నచ్చింది. చాలా పెద్దది, ఇదీ మీ తెల్లదీ రెండూ పడతాయి. దుప్పటి, దిండు తీసేయండి. గడ్డి మాత్రం కదపకండి."

బాబాయ్ గబగబా ఆమెకన్నా ముందు శాలలోకి వెళ్ళి, దిండు చంకలో పెట్టుకుని, తెల్లగుర్రం తాడు తనే విప్పాడు.