రోజూ వచ్చే ప్రేక్షకురాలు

మధ్యాహ్నం ఆట. హాల్లో ఇంకా లైట్లు వెలుగుతున్నాయి. చివరి వరసలో ఒకావిడ కూర్చుని ఉంది, పక్కన ఒక గడ్డం మనిషి నిలబడ్డాడు. మిగతావన్నీ ఖాళీ కుర్చీలే.

"హాలంతా ఖాళీగా పెట్టుకుని నా పక్క కుర్చీయే కావాల్సొచ్చిందా మీకు?"

"అపార్థం చేసుకోకండి మేడమ్, నేను..."

"గేటు దగ్గరాయన్ని పిలుస్తాను. నా గొంతు చాలా పెద్దది."

"పిలవండి. మిమ్మల్ని చూపించింది ఆయనే. అదిగో, రోజూ వచ్చేది ఆవిడే అని."

"ఏం, రోజూ రాకూడదా? టికెట్టు కొనుక్కునే వస్తున్నాగా."

"రావాలి మేడమ్, రావాలి! ఈ సినిమా తీసింది నేనే. డైరెక్టర్ని."

"మీరా?"

"నేనే."

"ఇదంతా మీరే తీశారా?"

"రాసిందీ నేనే, తీసిందీ నేనే. తిట్లు తింటున్నదీ నేనే."

"ఓహో. కూచోండి మరి. ఒక కుర్చీ వదిలి కూచోండి."

"థాంక్సండీ. ఒక్క మాట అడిగి వెళ్ళిపోతాను. రేపట్నుంచి ఈ సినిమా ఉండదు."

"ఉండదా? ఎందుకుండదు?"

"తీసేస్తున్నారు. ఊరంతా ఎత్తేశారు, మిగిలింది ఈ హాలొక్కటే. రేపు ఇందులోకీ కొత్త సినిమా వస్తోంది."

"అయ్యయ్యో! ఇంకొన్నాళ్ళు ఉంచమని చెప్పలేరా? డైరెక్టరు కదా మీరు!"

"మేడమ్, ఈ మాట అన్నది భూప్రపంచంలో మీరొక్కరే."

"ఆ వచ్చేది ఎలాంటిదండీ?"

"పాటలూ, ఫైట్లూ. తెర నిండా బాంబులే."

"నా ఖర్మ."

"అదీ! మీకు తెలుసు మేడమ్. అందుకే మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాను. మీరు చెప్పేదాన్ని బట్టే, ఇంకో సినిమా తీయాలో మా మామగారి టైల్స్ షాపులో కూర్చోవాలో తేల్చుకుంటాను."

"అమ్మో. అంత బరువు నా నెత్తిన పెట్టకండి బాబూ. టైల్స్ షాపు మాత్రం చెడ్డదా ఏం?"

"షాపులో అన్నీ ఉన్నాయి. అల్లుడి నోట్లోనే శని. సరే, అది వదిలెయ్యండి. మొదటిరోజు ఇక్కడ ఏం జరిగిందో తెలుసా? ఇంటర్వెల్‌కి సగం మంది లేచి ఇంటికెళ్ళిపోయారు. సినిమా అయిపోయిందనుకున్నారట."

"మిగతా సగం?"

"అయిపోలేదని తెలిసి వెళ్ళిపోయారు. ఒకాయనైతే నా చెయ్యి పట్టుకుని, 'మీ హీరో తలుపు తీసి నిన్నటికి వెళ్తున్నాడుగా, ఆ తలుపెక్కడుందో చెప్పండి, నేను పొద్దున్నకెళ్ళి నన్ను ఈ సినిమాకి రాకుండా ఆపుకుంటాను' అన్నాడు."

"హి హి... అంటే, పాపం. అలా అనకూడదు."

"పేపర్లో ఏం రాశారంటే, టికెట్టుతో పాటు టార్చిలైటు కూడా ఇవ్వాలని."

"చీకటి మాత్రం ఎక్కువే లెండి."

"మీకూ ఇబ్బందిగా ఉందా?"

"ఇబ్బందేమిటండీ! ఆ చీకటి కోసమే కదా నేనొచ్చేది."

"మేడమ్! ఏదీ, ఇంకోసారి అనండి!"

"ఆ చీకటి... దాని కోసమే వస్తాను."

"పట్టుకున్నారు! అది హీరో మనసులో చీకటి. ఒక్క విమర్శకుడూ కనిపెట్టలేదు, మీరు పట్టుకున్నారు."

"ఆఁ... అదే. మనసులో. బాగా లోపల."

"ఇంకా?"

"ఇంకా అంటే... ఎవరూ అరవరు కదా. ఒక్క పాట లేదు."

"ఒక్క పాట పెట్టమని మా నిర్మాత కాళ్ళావేళ్ళా పడ్డాడు. పెట్టలేదు."

"మీకు చేతులెత్తి దణ్ణం పెట్టాలి."

"ఆ గడియారాల చప్పుడు? హీరో గదిలో గోడ నిండా గడియారాలు, టిక్కు టిక్కుమని..."

"అబ్బ! అది మొదలైతే ఇంక నా ఒళ్ళు నాకు తెలీదండీ."

"మా అమ్మ చూసింది. ఏమందో తెలుసా? 'బాగుంది నాయనా, భోంచేశావా?' అంది. మా ఆవిడ రెండుసార్లు చూసింది."

"నచ్చిందన్నమాట."

"మొదటిసారి అర్థం కాలేదంటే నేను అలిగాను. అందుకని రెండోసారి. మీరలా కాదు. ఎవరూ అలక్కుండానే మీ అంతట మీరొచ్చారు. అందుకే అడుగుతున్నాను. పాప తలుపు తీసినప్పుడు, అవతల నిలబడ్డది ఏ నాన్న?"

"ఏ నాన్నంటే..."

"చెప్పండి."

"మీరు ఎవరనుకుని తీశారు?"

"ఎదురు ప్రశ్న! ఇదండీ నేను కోరుకున్నది! ప్రేక్షకుడు నన్ను ప్రశ్నించాలి!"

"సినిమా మొదలయ్యే వేళైందేమో కదూ."

"ఇంకా టైముంది. సరే, పాప సంగతి వదిలేద్దాం. ఆ ముసలాయన వచ్చినప్పుడు మీకేమనిపించింది?"

"ముసలాయన కూడా ఉన్నాడా?"

"మేడమ్."

"ఉన్నాడు ఉన్నాడు. ముసలాయన. ఉంటాడు కదా."

"మేడమ్, ఇంటర్వెల్ అయ్యాక తెర మీద ఉండేదే ఆ ముసలాయన. మీరు ఇంటర్వెల్‌కి వెళ్ళిపోతారా?"

"ఛ ఛ, లేదండీ. ఆఖరిదాకా ఉంటాను. ఊడ్చే ఆవిడొచ్చి లేపితేగానీ..."

"లేపితే?"

"అంటే... వెళ్ళమంటే."

"లేపితే అన్నారు మీరు."

"అన్నానా?"

"అన్నారు."

"అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాకు అతకడం రాదు. నేనిక్కడికి నిద్రపోడానికొస్తానండీ. ఏమీ అనుకోకండి."

"రోజూనా?"

"సెలవు రోజు రాను."

"ఒక్క రోజైనా, ఒక్కసారైనా..."

"మొదలు మాత్రం నాకు కంఠతా వచ్చండీ. గడియారాలు బాగుచేసే అతను. అద్దె ఇల్లు. గోడలో తలుపు. అతను లైటార్పి తలుపు తీస్తాడు, నేను పడుకుంటాను."

"ఆ తలుపు ఎందుకు తీస్తాడో కూడా తెలీదా మీకు?"

"ఇవాళ్టిదాకా గాలి కోసమేమో అనుకున్నాను."

"గాలి కోసం! మూడేళ్ళు కూర్చుని రాశానమ్మా ఆ తలుపు!"

"అరవకండి. నా బాధ కూడా వినండి. బ్రెడ్లు చేసే బేకరీలో నాది రాత్రి షిఫ్టు. తెల్లార్లూ పొయ్యి ముందు నిలబడతాను. పొద్దున ఇంటికొస్తే కింద గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపు. పక్కగదిలో మా మామగారు, ఆయనకి చెవుడు. ఆయన టీవీ పెడితే వీధి చివరివాళ్ళు కూడా వార్తలు వినొచ్చు. మా మరిది డ్రమ్స్ నేర్చుకుంటున్నాడు."

"వచ్చాయా?"

"నేర్చుకుంటున్నాడన్నాను, వచ్చాయనలేదు. ఇంక నేనెక్కడ పడుకోను? మా ఆయన దూది తెచ్చి చెవుల్లో పెట్టుకోమన్నారు. డ్రమ్సుకి దూదేం ఆగుతుందండీ! ఒకరోజు కూరగాయలకని బయల్దేరి, ఎండకి కళ్ళు తిరిగి ఈ హాల్లోకొచ్చి కూచున్నాను. మీ హీరో లైటార్పాడు. అంతే. పెళ్ళయ్యాక అంత నిద్ర నేనెప్పుడూ పోలేదు. డైరెక్టరుగారూ, ఏడుస్తున్నారా?"

"లేదు. నవ్వుతున్నాను."

"నవ్వులా లేదు."

"ఒక్కరున్నారనుకున్నానమ్మా. ఊరంతా తిట్టినా, అర్థం చేసుకున్న మనిషి ఒక్కరున్నారనుకున్నాను. నిన్న మీ సంగతి విన్నాక రాత్రంతా ఆ సంతోషంతో నిద్ర పట్టలేదు."

"అంతకుముందు పట్టేదా?"

"అంతకుముందు దిగులుతో పట్టేది కాదు. ఈ సినిమా మొదలెట్టిన దగ్గర్నుంచీ కళ్ళు మూస్తే ఆ తలుపే. పోనీ లెండి, తేలిపోయింది. టైల్స్ షాపే."

"అలా అనేయకండి. మీ వల్ల ఒక మనిషికి కంటినిండా నిద్రుంది. అది తక్కువ పుణ్యమా?"

"సినిమా తీసేది నిద్రపుచ్చడానికా?"

"మీ కళ్ళు చూసుకున్నారా అద్దంలో? చింతనిప్పుల్లా ఉన్నాయి. ఇటు జరగండి."

"ఒక కుర్చీ వదిలి కూచోమన్నారుగా."

"అప్పుడు మీరెవరో తెలీదు. ఆ కుర్చీలో స్ప్రింగు పొడుస్తుంది. ఇదైతే మెత్తగా ఉంటుంది. వెనక్కి వాలకండి, మెడ పట్టేస్తుంది. పక్కకి వాలండి. అదీ. ఈ సంచీ తలకింద పెట్టుకోండి. అందులో బన్నులున్నాయి, మరీ బరువెయ్యకండి."

"ఏమిటమ్మా ఇది! నా సినిమాకి నేనే నిద్రపోతానా? ఆఖరి ఆట. ఒక్క షాటు కూడా వదలను."

"అలాగే, వదలకండి. లైట్లార్పుతున్నారు. బూట్లు విప్పుకోండి."

"నేను చూస్తాను."

"చూడండి చూడండి."

"గడియారాలు... ఇప్పుడొస్తాయి... వినండి, ఆ చప్పుడు కోసం నేనూ సౌండాయనా..."

"ష్."

*

"ఏవండీ! డైరెక్టరుగారూ! లేవండి!"

"ఆఁ! కట్! కట్! ఎవరు?"

"నేనేనండీ. అయిపోయింది. ఊడ్చేవాళ్ళొచ్చారు."

"అయిపోయిందా? నేను... పడుకున్నానా?"

"ఇంకా అనుమానమా? హీరో తలుపు తియ్యకముందే మీరు వెళ్ళిపోయారు. గురకండీ! మా వెల్డింగ్ షాపు నయం."

"అయ్యో. మీ నిద్ర చెడగొట్టాను."

"చెడగొట్టారు. తట్టి చూశాను, కుదిపి చూశాను. మీరు 'యాక్షన్' అని అటు తిరిగి పడుకున్నారు. ఇంకేం చేస్తాను? కళ్ళు తెరుచుకుని కూచున్నాను."

"అంటే... సినిమా..."

"చూశాను."

"ఎంత?"

"మొత్తం. మీరన్నట్టే ముసలాయన ఉన్నాడు."

"ఏమీ చెప్పకండి."

"సరే."

"చెప్పండి."

"మొహమాటం లేకుండా చెప్పనా? సగం అర్థం కాలేదు. ఒకడే మనిషి ముగ్గురుగా ఎందుకు తిరుగుతాడో, వాడిని వాడే ఎందుకు కొట్టుకుంటాడో తెలీదు. మధ్యలో గోడ మీద ఏదో రాస్తాడు, చీకట్లో ఒక్కక్షరం కనబడలేదు. టార్చిలైటు మాట నిజమే."

"ఊఁ."

"ఆ ముసలాయన హీరోయే అని, అంతసేపు దాచడమెందుకు? గడ్డం చూడగానే నాకు తెలిసిపోయింది."

"అందరూ అక్కడ బిత్తరపోతారనుకున్నాను."

"పోలేదు. కానీ..."

"కానీ?"

"ఆ పాప. ఆ రోజు రోడ్డు ప్రమాదంలో చనిపోయే తన కూతుర్ని ఇంట్లోనే ఆపుదామని అన్నిసార్లు నిన్నటికెళ్తాడు. తలుపులకి తాళాలేస్తాడు, బస్సు టైర్లో గాలి తీస్తాడు, ఏం చేసినా ఆగదు. ఆఖరిసారి మాత్రం ఆపడానికి వెళ్ళడు. ఊరికే వెళ్ళి మెట్ల మీద కూచుని దాని బూట్ల లేసు కడతాడు."

"అవును."

"అప్పుడా పిల్ల అంటుంది, 'నాన్నా, ఇవాళ నీకు పని లేదా?' అని."

"అంటుంది."

"ఆ మాట మీకెవరు చెప్పారండీ?"

"ఎవరూ చెప్పలేదు. రాస్తుంటే వచ్చింది."

"మా అమ్మాయి నాతో అదే అంటుంది. నేను పొద్దున గుమ్మంలో అడుగుపెట్టేసరికి అది బడికి తయారై ఉంటుంది. 'అమ్మా, ఇవాళ నీకు పని లేదా' అంటుంది. 'ఉంది, పక్కకి జరుగు, నిద్రొస్తోంది' అంటాను. రోజూ అదే మాట, రోజూ అదే జవాబు. ఇవాళ పొద్దున కూడా."

"అమ్మా, కూచోండి. మంచినీళ్ళు తెమ్మంటాను."

"వద్దు. బడి వదిలే వేళైంది. రోజూ మా మరిది వెళ్ళి తీసుకొస్తాడు. ఇవాళ నేనెళ్తాను. నా సంచీ ఇటివ్వండి. చెప్పానా బరువెయ్యకండని, బన్నులన్నీ పచ్చడయ్యాయి."

"రాత్రి మళ్ళీ షిఫ్టు కదా. నిద్ర లేకుండా ఎలా?"

"ఎలాగో అలా. మీరు మాత్రం ఆ షాపులో కూచోకండి. వచ్చినవాళ్ళకి టైల్సు కూడా చీకట్లోనే చూపిస్తారు మీరు."

"ఆగండి ఆగండి. మేనేజరు కాళ్ళు పట్టుకునైనా సరే, ఇంకో వారం ఆడించమంటాను. నా కోసం కాదు, మీ నిద్ర కోసం."

"అంత శ్రమ పడకండి డైరెక్టరుగారూ. ఈ సినిమాకి నాకింక నిద్ర పట్టదు."