భూమికి సుట్టీ లేదు

1991 జూలై 8వ తేదీన, తండ్రి నేసిన తువ్వాలు భుజాన వేసుకుని, శ్రీ బొద్దుల దత్తాత్రి గారు షోలాపూర్‌లోని మన భూతాప పరిశోధనా కార్యాలయంలో సహాయకులుగా చేరారు. కరెంటు పోయినప్పుడల్లా మరమగ్గం ముందు చేతులు ముడుచుకుని కూర్చునే తండ్రిని చూస్తూ పెరిగిన వారికి, ఎండనూ గాలినీ అడుక్కోకుండా భూగర్భంలోని వేడితోనే విద్యుత్తు పుట్టించవచ్చునన్న మాట జీవితవ్రతమైంది.

తొలి పదిహేడేళ్ళు కొంకణ్‌లోని వేడినీటి బుగ్గల చుట్టూ ఉష్ణమాపకం పట్టుకుని తిరిగారు. "ఇంట్ల నాకు జరమొస్తే సూడరు గాని, భూమికి జరమున్నదా అని ఊర్లు తిరుగుతరు" అని వారి శ్రీమతి శకుంతల గారు మా అందరి ముందూ దెప్పేవారు.

2008లో షోలాపూర్‌లోని బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్ అంచున ఒక బోరులో నలభై రెండు డిగ్రీల నీరు పడింది. బీడీలు చుట్టే సీతాబాయి మొదలుగా ఆడవాళ్ళంతా పంపుకు పసుపుకుంకుమలు పెట్టి, భూదేవి కరుణించిందని కొబ్బరికాయలు కొట్టారు. ఆ నీటినే చల్లార్చి తాగారు. మన ఊళ్ళోనే భూతాపం దొరికిందని దత్తాత్రి గారు పొంగిపోయి నివేదిక పంపారు. అప్పుడే ఉద్యోగంలో చేరిన నేనే దాన్ని టైపు చేశాను. వారి పదోన్నతి ఖాయమని పైవారు కబురంపారు.

వారం తిరగకముందే వారు మళ్ళీ వెళ్ళి కొలిచారు. నీరు చల్లగా ఉంది. ఆరోజు పక్కనున్న అద్దకపు కార్ఖానాకు వారపు సెలవు.

"అపర్ణా, కార్ఖానాకు సుట్టీ ఉంటది గాని, భూమికి ఉంటదా?" అన్నారు నాతో, ముఖం వాడిపోయి.

కార్ఖానా మురుగు కాలువ పగిలి, రంగు కాచిన వేడినీరు బోరులోకి దిగుతోంది. ఎవరూ అడగకపోయినా తమ నివేదికను తామే వెనక్కి తీసుకున్నారు. పదోన్నతి ఆరేళ్ళు వెనకబడింది. ఘర్కుల్ వెళ్ళి, ఆ నీళ్ళు తాగవద్దని, తప్పు తమదేనని చెప్పి తల వంచుకున్నారు.

"గట్ల తలకాయ దించకు సార్," అంది సీతాబాయి. "మా పోరగాండ్ల కడుపులు కాపాడినవ్. గా కాయ నీ పేరు మీదనే కొట్టిన అనుకుంట."

ఆ తర్వాత వారి మాటకు తిరుగులేకపోయింది. షోలాపూర్ రాతి కింద విద్యుత్తుకు సరిపడే వేడి అందే లోతులో లేదని నిర్మొహమాటంగా రాసిన కలమే, బుగ్గలున్న చోట చిన్న విద్యుత్ కేంద్రాలు సాధ్యమని లెక్కలతో నిరూపించింది. నా కూతురికి నిజాయితీ అంటే ఏమిటో చెప్పవలసి వస్తే నేను ఈ బోరు కథే చెబుతాను.

దత్తాత్రి గారూ, భూమికి లేని సుట్టీ ఈ నెలాఖరున పదవీ విరమణతో మీకు దొరుకుతోంది. ఒక్కసారైనా ఉష్ణమాపకం ఇంట్లో వదిలి, శకుంతల గారిని ఆ బుగ్గల దగ్గరకు తీసుకువెళ్ళండి. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, ఎన్ని డిగ్రీలో చూడకుండా, ఆ వెచ్చని నీళ్ళలో కాళ్ళు పెట్టుకునే ఆరోగ్యమూ తీరికా మీకు నిండు నూరేళ్ళూ ఉండాలి.

— యెన్నం అపర్ణ, సహోద్యోగిని