మైకులో చెప్పిన సాక్ష్యం

అదేంది మేడం, నిజం చెప్పేదానికి కూడా గేటుపాసు కావల్లా? పొద్దున్నుంచి నిలబడుకోనుండా మీ ఫ్యాక్టరీ గేటు కాడ. వాచ్‌మన్‌ది ఒగటే మాట, "ఎవురమ్మా, ఏం పని, ఎవుర్ని అడిగి వచ్చినావు?" అని. పనికి రాలేదప్పా, నేను యేసుప్రసాద్ వాల్లమ్మను, మేడంతో మాట్లాడల్ల అంటే, నన్ను ఎగాదిగా చూసి, "ఓ, నడిచినాడే, ఆ పిల్లోని తల్లివా?" అని పండ్లు ఇకిలించినాడు.

నవ్వనీలే. నవ్వులపాలు చేసింది నేనే గదా.

వద్దులే మేడం, నిలబడే చెప్తా. కూర్చోమంటారా? సరే, కూర్చుంటా, కాళ్ళు లాగుతాండాయి. ఇంత చల్లగ ఉండాది మీ రూము, నాకి చూడండి ఎట్ల చెమట పడతాండాదో.

నా పేరు జీవమ్మ. ఓర్వకల్లుకు ఈ పక్క, గుట్టల కింద పల్లె మాది. మా వాడు మీ కాడ కరెంటు బోర్డులు అతికే బల్ల కాడ పని చేస్తాండె. చేస్తాండె అంటాండా చూడు, నా నోరు పడిపోను! మీరింగా తీసెయ్యలేదంట గదా. "విచారణ అయ్యేదాకా ఇంటికాడ ఉండు" అన్న్యారంట. దాని గురించే అడగొచ్చినా. కాదు, అడిగేదానికి కాదు. చెప్పేదానికి వచ్చినా.

ఆ వీడియో మీరు కూడా చూసినారా?

చూసినారు. ఇంగ నా మొగం మీకి గుర్తుపట్టే పని లేదు. ఎర్ర చీర కట్టుకొని, మైకు పట్టుకొని, "నా కొడుకును దేవుడు లేపినాడు" అని ఏడుస్తాండే ఆడది నేనే.

వాడు అడుగులేసింది నిజమే మేడం. మిగతాదంతా... కొంచెం నీళ్ళు ఇప్పిస్తారా?

మొదట్నుంచి చెప్తా, లేకుంటే మీకి అర్థం కాదు. మా వాడు బాగనే పుట్టినాడు. చెట్లెక్కేదాంట్లో కోతి. ఎండాకాలం వస్తే బనగానపల్లె తోటలకు మామిడికాయలు కోసేదానికి పోతాండె. ఒక యేడు కొమ్మ ఇరిగింది. ఎన్నుపూసకు దెబ్బ. ప్రాణం దక్కింది, కాళ్ళ మీద ఆశ పెట్టుకోవద్దండి అని డాక్టరు మొగం మీదనే చెప్పేసినాడు.

ఊర్లో ఏమన్న్యారో తెలుసా? ఇంట్లో ఏదో తప్పు జరిగుంటాది, ఊరికే పడేస్తాడా దేవుడు అని. రెజీనమ్మ అని ఉండాది, చర్చిలో నా పక్కనే చాప మీద కూర్చుంటాది. ప్రార్థన అయిపోయినాక నా చెయ్యి పట్టుకొని, "జీవమ్మా, నీకి విశ్వాసం చాలదమ్మా" అంటాది. మెత్తగ అంటాది మేడం. చెంప మీద కొట్టినా బాగుండు అనిపిస్తాది నాకి.

మా చర్చి అయ్యగారు మాత్రం అట్లాటోడు కాదు. "వైద్యున్ని కూడా దేవుడే ఇచ్చినాడు" అంటాడాయన. కర్నూల్లో నడవలేనోల్లకు పని నేర్పించే సంస్థ ఉండాదని చెప్పి, మా వాన్ని ఆడికి పంపించింది ఆయనే. కాబట్టి తప్పు చర్చి మీదికి తోయను. ముందే చెప్తాండా.

ఆ సంస్థలో వసంతకుమార్ సారు, మీకూ తెలుసు గదా, మీ కాడికి వచ్చి బల్ల ఎత్తు కొల్చుకొని పోయినాయన, ఆయనే మా వాని కాళ్ళకు క్యాలిపర్లు, ఆ ఇనుప పట్టీలు, కట్టించినాడు. రెండు కడ్డీల నడుమ నిలబెట్టి అడుగులేసేది నేర్పించినాడు. చంకకర్రలన్నా, ఇంగేదన్నా పట్టుకుంటే నాలుగడుగులు వేస్తాడు మా వాడు. ఆ మీదట నడుము వణుకుతాది, కూలబడిపోతాడు. మూడు చక్రాల బండి దిగి కుర్చీలోకి మారేదానికి, మరుగుదొడ్డికి పోయేదానికి నేర్పిన అడుగులు మేడం అవి. అంతే.

ఆ నాలుగడుగులు నేను తీసుకపోయి మైదానంలో పెట్టినా.

పోయిన నెల ఉజ్జీవ కూడికలు, చర్చోల్ల పెద్ద సభలు, జరిగినాయి మా పక్కూర్లో. షామియానాలు, లైట్లు, యాడాడినుంచో వచ్చిన జనం. మా ఊరంతా ట్రాక్టర్లలో పోయినాం. ప్రసంగం చెప్పేదానికి బయటినుంచి ఒక దైవసేవకుడు వచ్చింటే, ఆయన ప్రసంగం అయినాక, "దేవుడు మేలు చేసినోల్లు ముందుకు రాండి, సాక్ష్యం చెప్పండి" అన్న్యాడు. ఆయనకు మా సంగతి ఏం తెలుసు పాపం?

ఒక్కొక్కరే పోతాండారు. ఒకామెకు బిడ్డ పుట్టిందంట. ఒకాయన తాగుడు మానేసినాడంట. రెజీనమ్మ పోయి వాల్ల బోరులో నీళ్ళు పడిన సంగతి చెప్పింది. చెప్పి వచ్చి నా పక్కన కూర్చొని, నా ఈపు నిమిరింది. "నీకీ ఒక దినం వస్తాదిలే" అనింది.

ఏమైందో నాకి తెల్దు మేడం. లేచినా.

వాని బండి స్టేజీ పక్కనే ఉండాది. "రా నాయనా, ఒక్కసారి నిలబడు" అన్న్యా. వాడు నా మొగంలోకి చూసినాడు. "వద్దమ్మా, ఇది సాక్ష్యం చెప్పేది కాదమ్మా" అన్న్యాడు. నేను వాని గడ్డం పట్టుకున్నా. ఇంత మందిలో నా తల దించొద్దురా అన్న్యా. చంకకర్రలు నేనే తీసి షామియానా గుడ్డ ఎనక పెట్టినా. క్యాలిపర్ల మీద ప్యాంటు ఉండాది గదా, ఎవురికి కనపడతాది?

నా భుజం పట్టుకొని లేచినాడు. మైకు స్టాండు అందేదాకా నాలుగడుగులు. జనం లేచి నిలబడినారు. హల్లెలూయా అంటే ఆ గుట్టలు మారుమోగినాయి. నేను మైకులో చెప్తాండా, ఏడుస్తాండా, చెప్తాండా. ఏం చెప్పినానో నాకే తెల్దు. ఎవురో సెల్లు పైకెత్తి పట్టుకోనుండారు. అది నేను చూసినా కూడా. చూసి, చీర కొంగు సర్దుకున్నా.

అట్ల చూడొద్దు మేడం. తిట్టండి, పడతా.

ఇంటికి పోయినాక పట్టీలు ఇప్పితే తొడల కాడ చర్మం ఊడొచ్చింది. ఆయిల్‌మెంటు పూస్తాంటే ఒక్క మాట అనలా వాడు. ఒక్క మాట అని ఉంటే నేను ఎదురు తిరిగి అరిచి, మనసు తేలిక చేసుకుందునేమో.

మర్సనాటి నుంచి చూడండి నా బతుకు! నడిచినోడు నడవల్ల గదా? ఊరోల్లు వస్తాండారు, "యాడమ్మా పిల్లోడు, ఒకసారి నడిపించు, చూస్తాం" అంటాండారు. నేను ఏం చేసినా? పండుకోనుండాడు అని, జ్వరం అని చెప్పినా. మూడు చక్రాల స్కూటీ మీద పోయేది ఎవురన్నా చూస్తారని, కోడి కూయకముందే లేపి డ్యూటీకి పంపిస్తాంటి. మంచులో పోయి మీ గేటు కాడ కూర్చుంటాండె అంట, గేటు తీసేదాకా. కడుపున పుట్టినోన్ని దొంగసరుకు మాదిరి దాచిపెట్టినా మేడం.

ఇంగ మీ కాడ జరిగింది మీకే బాగా తెలుసు. భూపేష్ అంట గదా, వాని పక్క బల్ల పిల్లోడు, ఆ పిల్లోని సెల్లుకు వచ్చింది వీడియో. వానిదీ తప్పనను. వాల్లన్నకు చెయ్యి లేదంట, అవిటోల్లకని పెట్టిన ఆ ఉద్యోగానికి వాల్లన్న కూడా వచ్చింటే దొరకలేదంట. "నడిచేటోడు వచ్చి మా అన్న సీటు తిన్న్యాడే" అని కడుపు మండదా? నాకైనా మండుతాది.

మీరు పిలిచి అడిగినారంట, వీడియోలో ఉండేది నువ్వేనా అని. నేనే అన్న్యాడంట. మరి కాళ్ళు బాగైనాయా అంటే, తలకాయ వంచుకొని నిలబడినాడంట. తప్పు, నిలబడలేదు, కూర్చోనుండాడు. ఎందుకు నోరిప్పలేదో ఇప్పుడు తెల్సిందా మేడం? ఇప్పితే తల్లి దేవుని ముందర అబద్ధమాడిందని చెప్పల్ల. దాని బదులు పని పోతే పోనీ అనుకున్న్యాడు, పిచ్చి నాయన.

నేను? నేనేం చేసినా అంటారా? తేలు కుట్టిన దొంగ మాదిరి గమ్మునుండిపోయినా. విచారణ అంటాండారు గదా, డాక్టర్లు మళ్ళీ చూస్తారు, నిజం తేలుతాది, నేను చెప్పే పని లేకుండానే గండం గడిచిపోతాది అనుకున్నా. అట్లా గమ్మునే ఉందును కూడా, నిన్న మా వాడు ఆ పిల్ల సంగతి చెప్పకపోయింటే.

శివపార్వతి మేడం. నేతగాల్ల పిల్ల, చెవులు ఇనపడవు, మాట రాదు. మా వాని ఎదురుగానే కూర్చుంటాదంట. వాల్లిద్దరూ చేతుల్తోనే మాట్లాడుకుంటారు, ఆ చేతి మాటలు వాడు నాకి కూడా రెండు మూడు నేర్పించినాడు. మొన్న ఆ పిల్ల అన్నం తింటాంటే ఎనకమాల పోయి ఎవురో సత్తు ప్లేటు దబ్బున బల్ల మీద పడేసినారంట. ఇది కూడా దొంగ చెవుడేమో చూద్దాం అని. బల్ల అదిరింది, ఆ పిల్ల ఎనక్కి తిరిగింది. "చూడు, ఇనపడతాది!" అని నవ్వినారంట. ఎందుకు నవ్వుతాండారో తెలియక, ఆ పిల్ల కూడా నవ్వినాదంట మేడం.

ఇది మీకు తెల్దు గదా? తెల్దనుకుంటి.

తోటోల్లు ఎవురో వీడియో కాల్లో చెప్పినారు మా వానికి. వాడు సెల్లు పక్కన పెట్టి, ఆ పొద్దు స్టేజీ మీద కూడా అనని మాట నిన్న అన్న్యాడు. "నా సంగతి ఇడిచిపెట్టమ్మా. ఆ పిల్ల ఏం పాపం చేసింది?"

పొద్దున లేచి, వాడు లేవకముందే బస్సెక్కినా.

ఇదీ మేడం జరిగింది. వాని కాళ్ళు బాగు కాలేదు. వాడు మోసం చెయ్యలేదు. చేసింది నేను. మీరు వాని కోసరం మెట్ల పక్కన ఏటవాలుగా సిమెంటు పోయించినారంట, మరుగుదొడ్లో కడ్డీలు పెట్టించినారంట. అవన్నీ వానికి కావాల్సినవే. తీసెయ్యొద్దండి. వాన్ని పిలిపించండి. నా మాట నమ్మకుంటే వసంతకుమార్ సారును అడగండి.

ఏందీ?

అందరి ముందరనా?

అవునులే. మీ రూములో చెప్తే మీకు తెలుస్తాది. బల్లల కాడ ఉండేటోల్లకు యాడ తెలుస్తాది? ఆ పిల్ల ఎనకమాల ప్లేట్లు పడేసేటోల్లకు తెలియల్ల గదా. మీరు అడిగిందాంట్లో తప్పేం లేదు. కానీ మా ఊరు ఈడికి ఎంత దూరమని? ఈ మధ్యాన్నం చెప్తే సాయంత్రానికి మా చర్చి గేటు కాడ ఉంటాది మాట. వచ్చే ఆదివారం నేను చాప మీద కూర్చోవల్ల, రెజీనమ్మ పక్కన.

చెప్తా మేడం. కాదనను. మైకు ఇస్తే మైకులోనే చెప్తా, అలవాటైంది గదా.

ఒక్క నిమిషం. ఇంగొకటి ఉండాది. అది అందరి ముందర చెప్పలేను, మీకొక్కరికే చెప్తా. చెప్పకపోయినా ఎవురికీ నష్టం లేదు. అయినా చెప్పకుంటే నాకి ఊపిరాడేటట్టు లేదు.

మీరు వానికి పని ఇచ్చినారు గదా. మొదటి నెల జీతం తీసుకొని, డబ్బా నిండా మైసూరుపాకు కొనుక్కొని వచ్చినాడు. బండి దిగక ముందే కేకేసినాడు. "అమ్మా, ఆదివారం చర్చిలో పంచమ్మా. లేచి సాక్ష్యం చెప్పు, నాకి పని దొరికిందని" అన్న్యాడు. వాని మొగం ఆ పొద్దు ఎట్లుండాదో, అట్ల నేను వాడు చెట్లెక్కే దినాల్లో చూసినా, మళ్ళా అప్పుడే చూసినా.

చర్చిలో ఉద్యోగం వచ్చినోల్లు లేచి చెప్తారు మేడం, మామూలే. నేను లేయలేదు. అవిటోల్ల సీటులో వచ్చిన పని అని చెప్పల్ల గదా, నాకి సిగ్గయింది. ఎవురన్నా అడిగితే, పిల్లోడు కర్నూల్లో కంప్యూటరు నేర్చుకుంటాండాడు అంటాంటి. డబ్బా అటక మీద పెట్టినా. వచ్చే వారం, వచ్చే వారం అనుకుంటా ఉంటే చీమలు పట్టినాయి. వాడే చూసినాడు. బండి మీద కూర్చొని, ఒళ్ళో పెట్టుకొని, చీమలు దులిపి దులిపి, ఇంగ పనికి రాదని పెరట్లో కోళ్ళకు పారబోసినాడు.

మైకులో ఆడిన అబద్ధానికి దేవుని ముందర ఏదో ఒకటి చెప్పుకుంటా మేడం. బిడ్డ మీద ఆశ, తల్లి మనసు, బుద్ధి తక్కువ, ఏదో ఒకటి. మైసూరుపాకు సంగతి అడిగితే ఏం చెప్పల్ల?

అన్నానికి గంట కొట్టినారా? పదండి, యాడ నిలబడి చెప్పల్లో చూపించండి.