సెలవు చీటీ

మేడ్చల్ రోడ్డు మీద ఓ డిగ్రీ కాలేజీ. ఆదివారం పొద్దున్న. పెద్దవాళ్ల క్లాసు ఇంకా మొదలవలేదు.

“ఆగండి మన్నాన్ గారూ, ముందు నా మాట వినండి. ఎనిమిది ఆదివారాలు! మీ ఆవిడ ఫోన్ కూడా కలవదు. మీరే మాన్పించేశారా?”

“నేను మాన్పియ్యలే, జానకమ్మ మేడం.”

“మరేమిటి? ఇక్కడ ఒకళ్లు మానేస్తే ఇద్దరి చదువు ఆగిపోతుందండీ. మా పద్ధతే అది, జోడీలు. వాచ్‌మన్ వీరయ్య ప్రిన్సిపాల్ గారికి గులాబీలు అంటు కట్టడం నేర్పుతాడు, ఆయన వీరయ్యకి ఇంగ్లీషు నేర్పుతారు. మీ బానూకి హరిచందన అక్షరాలు నేర్పాలి, హరిచందనకి బానూ కుట్టుపని నేర్పాలి. కాలేజీ పిల్ల, సగం కుట్టిన జాకెట్టు పట్టుకుని ప్రతి వారం గుమ్మంవైపు చూస్తూ కూర్చుంటోంది.”

“గా పిల్ల వచ్చిందా?”

“వస్తుంది. మాట మార్చకండి. మూడు వారాలు రాకపోతే పేరు కొట్టేయమన్నారు. నేనే కొట్టలేదు.”

“కొట్టెయ్యకున్రి. గదే చెప్పనీకి వచ్చిన. చీటీ గూడ తెచ్చిన.”

“ఏం చీటీ?”

“సెలవు చీటీ. ఆమెనే రాసింది. తెచ్చుడే జెర లేటయింది.”

“బానూ సెలవు చీటీ రాసిందా! నేను నేర్పిన మొదటి ఉత్తరం అదేనండీ. ఇంకో ఉత్తరం రాదు ఆవిడకి. అయితే ఎన్ని రోజులకి పెట్టింది? ఎప్పుడొస్తుంది?”

“మొన్న శుక్రారం చాలీస్వా చేసినం మేడం.”

“ఏం చేశారు?”

“నలభై దినాలది. మా ముస్లింలల్ల పోయినోళ్లకు చేస్తం.”

“ఎవరికి ... లేదు. లేదండీ. బానూకా?”

“కిడ్నీలు అన్నరు. పదకొండు దినాలు దవఖానాల ఉన్నది. కూసోన్రి మేడం. కూసోన్రి ముందు.”

“నాకొక్క మాట చెప్పలేదే.”

“ఎట్ల చెప్పాలె? మీ నంబరు ఆమె ఫోన్ల ఉన్నది. గందుల మీ పేరు ఏదో నాకు సదవరాదు.”

“నాకు కోపమొస్తోంది. మీ మీద కాదు. ఏమో, మీ మీదేనేమో. మొదట్లో వద్దన్నది మీరేగా.”

“అవు. కూరగాయల బండి ఎవలు సూడాలె అన్న. తర్వాత గది నవ్వులాటైంది. ఐతారం ఐతారం గడపకాడ నిలవడి ‘అయ్యా, సెలవు ఇప్పించగలరు’ అని మీ బుక్కుల మాట అంటది. నేను ‘ఇయ్య’ అంట. నవ్వుకుంట పోతది. నేను ఇచ్చింది లేదు, ఆమె ఆగింది లేదు.”

“ఇలా ఇవ్వండి ఆ చీటీ.”

“జేబుల వెట్టుకొని తిరిగిన, నలిగింది. ఆఖరి దినం రాసింది. నోట్ల పైపుండె, మాట లేదు. నా చేతుల వెట్టింది. ‘మేడంకిస్త తియ్, పేరు కొట్టెయ్యనియ్య’ అన్న. తలకాయ ఇట్ల అడ్డం ఊపవట్టింది. ఊపుతనే ఉన్నది. నొప్పి లేస్తాందేమో అనుకొని సిస్టర్‌ను పిలిసిన.”

“ఇది సెలవు చీటీ అని మీకెవరు చెప్పారు?”

“నెలంత ఇంట్ల గదే రాస్తుండె గద. మీద తారీకు, కింద సంతకం. సదవరాకున్నా వాలకం ఎరికైతది. ... ఏంది మేడం, తప్పులున్నయా?”

“లేవు.”

“మరి ఏడుస్తున్నరు.”

“మన్నాన్ గారూ, ఇది నాకు కాదు.”

“హరిచందనకా?”

“చదువుతాను, వినండి. ‘గౌరవనీయులైన మన్నాన్ గారికి ...’”

“నా పేరా?”

“మీ పేరే.”

“మల్లొకసారి సదువున్రి.”

“‘గౌరవనీయులైన మన్నాన్ గారికి. అయ్యా, నాకు ఒంట్లో బాగాలేనందున ఇంటికి రాలేకపోతున్నాను. కావున నాకు ...’ ఇక్కడ ఖాళీ వదిలింది. ‘... రోజులు సెలవు ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. ఇట్లు, షహర్ బాను.’”

“ఎన్ని దినాలో రాయలే?”

“రాయలేదండీ.”

“గందుకే తలకాయ ఊపింది. ‘మేడంకు కాదు, నీకే’ అన్నట్టు. నేను సిస్టర్‌ను పిలిసిన. నలభై దినాలు నా జేబుల్నే ఉన్నది మేడం, నా పేరు.”

“మన్నాన్ గారూ, మంచినీళ్లు తాగండి.”

“హరిచందన పక్కన కుర్సి ఖాళీనే ఉన్నది గద?”

“ఉంది.”

“బానూ పేరు కొట్టకున్రి. దాని కింద నాది రాయున్రి.”

“రాస్తాను. ఏం నేర్చుకుంటారు?”

“రెండక్షరాలే మేడం. గా చీటీ కింద నేను రాయాలె. ‘ఇయ్య’ అని రాసుడు నేర్పున్రి.”